కాకటీల్‌కి గూడు పిచ్చి పడితే ఇల్లు ఎలా సర్దుకోవాలి

మొన్నటిదాకా భుజమెక్కి కూర్చున్న కాకటీల్ (తల మీద కుచ్చుండే చిన్న పెంపుడు చిలక) ఇవాళ సోఫా కింద దూరి, చెయ్యి చాపితే బుసకొడుతోందా? రోగం కాదు, పొగరూ కాదు. గూడు పెట్టే కాలం వచ్చిందని దాని ఒళ్లు చెబుతోంది. ఆ కబురు దానికి అందించింది చాలావరకు మన ఇల్లే. అందుకని పిట్టకి బుద్ధి చెప్పే పని పెట్టుకోకండి, ఇంటిని సర్దండి.

నేను మలక్‌పేటలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆడ కాకటీల్ పేరు పిప్పరమెంటు. తొలకరి పడగానే దీనికి ఈ పిచ్చి మొదలవుతుంది. కొలతలివ్వడానికి వచ్చేవాళ్లలో పిట్టలు పెంచేవాళ్లుంటే మాట తప్పకుండా ఇటే తిరుగుతుంది. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

గుర్తులు పట్టడం కష్టమేమీ కాదు. మా దానికి మిషన్ కింద పడే కటింగ్ ముక్కల కుప్ప అంటే ప్రాణం. వెనక్కి వెనక్కి జరుగుతూ అందులోకి దూరుతుంది. పొట్ట నేలకి ఆనించి గుండ్రంగా తిరుగుతూ గుంట చేసుకుంటుంది. లైనింగ్ పీలికల్ని ముక్కుతో లాగి పక్కకి విసురుతుంది. తర్వాత తోక పైకెత్తి, తల వంచి, గొంతులోనే సన్నగా కిచకిచలాడుతుంది. అదే మగపిట్టయితే రెక్కలు కాస్త ఎత్తి పాటలు పాడుతుంది, ముక్కుతో బల్లని టకటకా కొడుతుంది, కర్రకి ఒళ్లు రుద్దుకుంటుంది. ఆడదాని రెట్ట కూడా మారుతుంది. గూడు పాడవకుండా గంటల తరబడి ఆపుకుని, బయటికొచ్చాక ఒక్కసారే పెద్దగా, కంపు కొట్టేలా వేస్తుంది. విరేచనాలేమోనని పరేషాన్ అవ్వకండి. ఒకటి గుర్తుంచుకోండి: జంట లేకపోయినా ఆడపిట్ట గుడ్లు పెడుతుంది. పిల్లలు రావు, అంతే తేడా.

కాకటీల్ పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి మెట్ట నేలలు. అక్కడ వాన ఎప్పుడు పడితే అప్పుడే గడ్డి గింజ పడుతుంది, అప్పుడే నీళ్ల దగ్గరున్న చెట్టు తొర్రలో గుడ్లు పెడతాయి. పొడుగాటి పగలు, కడుపునిండా తిండి, చీకటి తొర్ర, పక్కన తోడు. ఈ నాలుగూ కుదిరితే చాలు. ఇప్పుడు మన ఫ్లాట్ చూడండి. రాత్రి పదకొండుదాకా ట్యూబ్‌లైటు, గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు, బీరువా కింద చీకటి, పొద్దస్తమానం వీపు నిమిరే మనిషి. ఏసీ బయటి యూనిట్ వెనక పావురాలు ఏడాది పొడుగునా గుడ్లు పెడుతున్నాయంటే వాటికీ ఇలాంటి సుఖమే దొరికింది.

ముందు వెలుగు సంగతి చూడండి. నా అనుభవంలో సగం పని ఇక్కడే అవుతుంది. హైదరాబాద్‌లో పగలు డిసెంబరులో దాదాపు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. ఎండ వల్ల వచ్చే తేడా ఇంతే. దాన్ని పదహారు, పదిహేడు గంటలకి లాగేది మన లైట్లు, టీవీ. పెళ్లిళ్ల సీజన్లో నా మిషన్ అర్ధరాత్రిదాకా ఆగదు కాబట్టి రాత్రి పంజరం హాల్లో ఉంచను. సాయంత్రం ఆరున్నరకి వెనక గదిలోకి చేరుస్తాను, పొద్దున ఏడున్నరకి బయటికి తెస్తాను. రోజుకి 12 నుంచి 14 గంటలు మధ్యలో ఎవరూ లైటు వేయని చీకటి కావాలి. మంచినీళ్ల కోసం లేచి టక్కున స్విచ్ వేసేవాళ్లకి ముందే చెప్పి పెట్టండి.

అయితే కాకటీళ్లకి రాత్రిపూట ఉలిక్కిపడే గుణం ఉంది. బల్లి పాకినా సరే పంజరమంతా కొట్టుకుని రెక్కలు విరుచుకుంటాయి. అందుకే పంజరాన్ని నాలుగు వైపులా మూసేయను. మూడు వైపులా పాత కాటన్ దుప్పటి వేసి ఒక వైపు వదిలేస్తాను. కర్ర ఎక్కడుందో కనపడేంత మసక వెలుతురు కిటికీలోంచి వస్తే చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఈ దుప్పటి పలచగా ఉండాలి. పిట్ట నోరు తెరిచి రెక్కలు దూరం పెట్టిందంటే ఉక్కపోస్తోందని అర్థం.

తర్వాత తొర్రలు మూయాలి. సోఫా కింద, చెప్పుల స్టాండు, తలుపు ఓరగా ఉన్న అలమర, ఆన్‌లైన్ ఆర్డరుతో వచ్చిన అట్టపెట్టె, దేన్నీ వదలొద్దు. నా కటింగ్ ముక్కలిప్పుడు మూతున్న డ్రమ్ములోకి పోతాయి. పంజరంలో గుడ్డ గుడారం, కుండ, అద్దం ఉంటే తీసేయండి. పాతబస్తీలో పిట్టలమ్మే ముర్గీ చౌక్‌లోనో ఇంకో చోటో కొన్నప్పుడు పంజరంతో పాటు చెక్క గూడుపెట్టె అంటగడితే అదీ వద్దు. అడుగున పేపర్ పరిస్తే దాని మీద జాలీ ఉండాలి, లేదంటే చింపి పోగేస్తుంది. కొరకడానికి ఏదో ఒకటి కావాలిగా, వేప పుల్లలు కట్టండి, కొత్తిమీర కట్టని తలకిందులుగా వేలాడదీయండి. పంజరం చోటు, లోపల కర్రల అమరిక కూడా మార్చేయండి. ఇది నా ఇల్లు అన్న ధీమా తగ్గితే గూడు ఆలోచనా తగ్గుతుంది. బయటికి వదిలేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపడం మర్చిపోవద్దు.

ఇక మన చెయ్యి. తల, మెడ తప్ప ఇంకెక్కడా నిమరకూడదు. వీపు, తోక మొదలు, రెక్కల కింద తాకితే పిట్ట లెక్కలో అది జంట చేసే పని. మా ఇంట్లో దీనికి ఎక్కువ గొడవ పడింది మా అత్తయ్యతోనే. సీరియల్ చూస్తూ ఒళ్లో పెట్టుకుని వీపంతా నిమిరేది. "పాపం, దానికి ఇష్టం కదమ్మా" అని ఆమె వాదన. ఇష్టమే, అదే చిక్కు అత్తయ్యా అని చెప్పి చెప్పి ఒప్పించాను. చేతి మీద ఉండగా తోకెత్తితే అరవకండి, నవ్వకండి. కర్ర మీద దింపి రెండు నిమిషాలు అవతలికి వెళ్లండి. తిన్నది కక్కి మీ వేలికి పెట్టబోయినా అంతే.

తిండి దగ్గర జాగ్రత్త, చాలామంది ఇక్కడ అతి చేస్తారు. పొద్దుతిరుగుడు గింజలు గిన్నెలోంచి తీసేసి, మాట విన్నప్పుడు ఇచ్చే బహుమతిగా మాత్రం ఉంచండి. వేడివేడి మెత్తటి ముద్దలు, ఉప్మా, పప్పన్నం లాంటివి చేత్తో తినిపించకండి. కొర్రలు (పిట్టల షాపులో కంగ్నీ అంటారు), పెల్లెట్లు (పిట్టల కోసం తయారుచేసి అమ్మే గుళికల తిండి), క్యారెట్, మెంతికూర, మునగాకు చాలు. పెల్లెట్లకి మెల్లగా అలవాటు చేయాలి, ఒక్కరోజులో మారిస్తే తినకుండా కూర్చుంటుంది. పాలకూర తగ్గించండి, అందులోని ఆక్సలేట్లు కాల్షియంని ఒంటికి పట్టనివ్వవు. గుడ్డు పెట్టబోతున్న పిట్టకి మాత్రం తిండి తగ్గించడం ప్రమాదం. కాల్షియం కోసం మూలికల అంగడిలో దొరికే సముద్రపు నురుగు ముక్క పంజరానికి కట్టండి, పిట్టల షాపులో కటిల్ బోన్ పేరుతో అమ్మేదీ అదే. పొద్దుటి ఎండ కూడా కావాలి. అద్దం కిటికీలోంచి వచ్చే ఎండ పనికిరాదు, డి విటమిన్ తయారుచేసే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. పంజరాన్ని బాల్కనీలో సగం నీడలో పెట్టి పక్కనే కూర్చోండి, కాకులు, పిల్లులు ఊరికే ఉండవు. పావురాల రెట్టలున్న మూల మాత్రం వద్దు.

ఇంత చేసినా గుడ్డు పెట్టిందా? వెంటనే తీసేయకండి. తీసిన కొద్దీ లోటు పూడ్చడానికి మళ్లీ పెడుతుంది, పెట్టిన ప్రతి గుడ్డుకీ కాల్షియం దాని ఎముకల్లోంచి కూడా పోతుంది. రోజు విడిచి రోజు ఒకటి చొప్పున మామూలుగా నాలుగు నుంచి ఏడు పెడుతుంది. పొదగనివ్వండి. దాదాపు మూడు వారాలకి దానికే విసుగొచ్చి వదిలేస్తుంది, అప్పుడు తీయండి. ఇంట్లో మగపిట్ట కూడా ఉంటే పిల్లలు రాకుండా గుడ్డుని ఉడకబెట్టి, చల్లార్చి తిరిగి పెట్టండి, లేదా ప్లాస్టిక్ గుడ్డు పెట్టండి.

అసలు టెన్షన్ పడాల్సింది గుడ్డు అడ్డం పడినప్పుడు. ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చోవడం, ముక్కడం, ఊపిరికి తోక ఊగడం, కాళ్లలో పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు. పొట్ట నొక్కడం, ఆముదం రాయడం లాంటి సలహాలు అస్సలు వినకండి, లోపల గుడ్డు పగిలితే పిట్ట దక్కదు. వెచ్చగా ఉంచి డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే. కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టర్లందరూ పిట్టల్ని చూడరు. అవసరం పడకముందే మీ ఏరియా క్లినిక్‌లకీ, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకీ ఫోన్ చేసి ఎవరు చూస్తారో కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి.

మధ్యలో ఒక మాట. ఇదంతా రామచిలకకి పనికొస్తుందా అని అడుగుతారు. మన రామచిలకని పంజరంలో పెట్టడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఆ ప్రశ్న నా దగ్గర వద్దు.

వెలుగు, తొర్ర, చెయ్యి, తిండి అన్నీ సరిచేసినా విడవకుండా గుడ్లు పెడుతూనే ఉంటే అప్పుడు మందు ఉంది. ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ గానీ, చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ గానీ గుడ్లు పెట్టించే హార్మోన్లని కొంతకాలం అణచిపెడతాయి. కుక్కలకి చేసినట్టు ఆపరేషన్ చేయించేద్దాం అనుకోవద్దు, ఇంత చిన్న ఒంటికి అది పెద్ద గండం. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు గుడ్లు పెట్టిన తేదీలు, ఏం తింటోంది, బరువెంత అన్నవి కాగితం మీద రాసుకెళ్లండి. బరువు పొద్దున్నే తిండికి ముందు డిజిటల్ కాటాలో చూడాలి, కాకటీల్ సాధారణంగా 80 నుంచి 110 గ్రాములుంటుంది. ఆటోలో అయితే చిన్న పంజరం తీసుకుని, గాలి కొట్టే వైపు గుడ్డ కప్పి, నీళ్ల గిన్నె తీసేసి కీరా ముక్క పెట్టండి. గతుకులకి నీళ్లు ఒలికితే ఈకలు తడిసి చలి పడుతుంది.