40 మీటర్లు ఎక్కడ రాయాలి?

కర్నూలులో పదో తరగతి చదివే మా పాపకు త్రికోణమితి హోంవర్క్ అంటేనే టెన్షన్. మొన్న రాత్రి ఒక లెక్క దగ్గర ఆగిపోయింది. గోపురం పైకొనను చూస్తే ఊర్ధ్వకోణం (నేలకూ పైకి చూసే చూపుకూ మధ్య కోణం) 30°, గోపురం వైపు 40 మీటర్లు నడిచాక 60°. ఎత్తెంత? టాన్ 30° = ఎత్తు/40 అని వేసి 23.09 తెచ్చింది. పుస్తకం వెనక జవాబు 20√3. మూడుసార్లు చెరిపేసరికి కాగితం చిరిగింది, కళ్ళల్లో నీళ్ళు.

సూత్రాలన్నీ పక్కన పెట్టి బొమ్మ గీయమన్నాను. కొండారెడ్డి బురుజు అనుకొని నిలువుగీత గీసింది, నేల మీద రెండు చుక్కలు పెట్టింది. 40 ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. రెండు చుక్కల మధ్య వేలు పెట్టి, "అమ్మా, ఇది బురుజు దాకా పోలేదే!" అంది. తప్పు అక్కడే దొరికింది: టాన్ 30°కి కావాల్సింది దూరపు చుక్క నుంచి బురుజు అడుగు దాకా ఉన్న మొత్తం దూరం.

రెండు చుక్కలనూ పైకొననూ కలిపితే ఒక త్రిభుజం. దానికి దగ్గరి చుక్క దగ్గర బాహ్యకోణం (బయటి కోణం, ఎదుటి రెండు లోపలి కోణాల మొత్తం) 60°, దూరపు చుక్క దగ్గర 30°, కాబట్టి పైకొన దగ్గర కూడా 30°. అంటే సమద్విబాహు త్రిభుజం. దగ్గరి చుక్క నుంచి కొన దాకా ఏటవాలు గీత కూడా 40 మీటర్లే. ఇంక 40 × సైన్ 60° = 20√3, సుమారు 34.64 మీటర్లు. నాకు ఈ దారే ఇష్టం, రెండు సమీకరణాల గొడవ ఉండదు.

ఇప్పుడు ప్రతి లెక్కకూ ముందు బొమ్మే గీస్తోంది.