వార్త రాయడం నేర్చుకుందాం – 7వ పాఠం: తెల్ల పొగ వచ్చిన మర్నాడు ఎవర్ని, ఏమని అడగాలి?

పోయిన పాఠంలో ఎదుటివాళ్ల మాటను కొటేషన్‌లో ఎప్పుడు పెట్టాలి, మన మాటల్లో ఎప్పుడు చెప్పాలి అన్నది చూశాం. మీరు పంపిన అభ్యాసాలన్నీ చదివాను. చాలా వాటిలో ఒకే మాట ఎదురైంది: ‘హర్షం వ్యక్తం చేశారు’. ఆ మాట రాశామంటే ఎదుటిమనిషి చెప్పింది మనం వినలేదనే అర్థం. ఎవరు, ఎక్కడ, దేనికి సంతోషించారో అందులో ఏమీ ఉండదు. ఈ పాఠం దాన్ని వదిలించుకోవడానికే.

ఉదాహరణకు 2025 మే 8 రాత్రి తీసుకుందాం. కొత్త పోపు ఎన్నికైన రాత్రి. మర్నాడు పొద్దున్నే ‘నగరంలో స్పందన’ అని ఒక వార్త రాయమని మీకు చెప్పారనుకోండి.

ఇల్లు కదలక ముందే అసలు సంగతి నోటికి వచ్చి ఉండాలి. ఫ్రాన్సిస్ పోపు ఈస్టర్ మర్నాడు, ఏప్రిల్ 21న కన్నుమూశారు. మే 7న వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో 133 మంది కార్డినల్స్, అంటే పోపును ఎన్నుకునే పెద్ద గురువులు, తలుపులు మూసుకుని ఓటింగ్ మొదలుపెట్టారు. గెలవాలంటే మూడింట రెండు వంతులు, అంటే కనీసం 89 ఓట్లు రావాలి. రెండో రోజు నాలుగో విడతలో తేలిపోయింది. మన టైమ్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక, పోపు ఎన్నికయ్యారని చెప్పే తెల్ల పొగ కనిపించింది, పది నలభై దాటాక పేరు చెప్పారు. రాబర్ట్ ఫ్రాన్సిస్ ప్రెవోస్ట్. షికాగోలో పుట్టి, పెరూలో ఏళ్ల తరబడి పనిచేసి, అక్కడి చిక్లాయోకు బిషప్‌గా ఉన్నాయన. అమెరికా నుంచి వచ్చిన మొదటి పోపు, వరసలో 267వ వారు. పెట్టుకున్న పేరు 14వ లియో. బాల్కనీలోకి వచ్చి అన్న మొదటి మాట, మీ అందరికీ శాంతి కలుగుగాక అని.

మన ఊరికి ఇందులో ఒక పోగు ఉంది. ఆ 133 మందిలో భారతీయులు నలుగురు, వారిలో ఒకరు హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ కార్డినల్ పూల ఆంథోని. 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. ఆయన్ని కలిసే అవకాశం దొరికితే ఎవరికి ఓటేశారని మాత్రం అడగకండి. లోపల జరిగింది బయట చెప్పబోమని ప్రమాణం చేసి కూర్చుంటారు. జవాబు రాదని ముందే తెలిసిన ప్రశ్న అడిగితే ఉన్న కాస్త టైమ్ పోతుంది.

ఇక ఎవర్ని అడగాలి? ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. 2013 మార్చిలో ఫ్రాన్సిస్ ఎన్నికైనప్పుడు మనకు అర్ధరాత్రి దాటాక పేరు తెలిసింది. పొద్దున్నే టెన్షన్‌తో, దగ్గర్లో ఉంది కదా అని సికింద్రాబాద్‌లో ఒక చర్చికి వెళ్లి అడిగాను. అక్కడి పెద్దాయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ‘బాబూ, మాది సీఎస్ఐ. పోపుగారంటే గౌరవమే గానీ ఆయన మాకు పెద్ద కాదు’ అన్నారు. క్రైస్తవులంతా కాథలిక్కులు కారు. మెదక్ చర్చి ఎంత పేరున్నదైనా అది సీఎస్ఐది, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాది. బాప్టిస్టులు, పెంతెకోస్తులు వేరు. వాళ్లనూ అడగొచ్చు, అది కూడా స్పందనే. కానీ ‘నగర క్రైస్తవుల సంబరం’ అని హెడ్డింగ్ పెడితే తప్పు రాసినట్టే. కాథలిక్కుల మాట కావాలంటే గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కేథడ్రల్, సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ బసిలికా, లేదా మీ దగ్గర్లోని ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) చర్చి. బోర్డు చదివి లోపలికి వెళ్లండి.

అక్కడ వినబడే మాటల్లో కొన్ని మనకు తెలిసిన మాటల్లాగే ఉండి వేరే అర్థం చెబుతాయి. ‘మా విచారణ గురువు’ అంటే ఏదో ఎంక్వైరీ చేసే ఆయన కాదు, ఆ చర్చి పరిధిని చూసుకునే ఫాదర్. విచారణ అంటే ఆ పరిధి. మేత్రాసనం అంటే బిషప్ చూసుకునే ప్రాంతమంతా. పీఠాధిపతి అంటే ఇక్కడ మఠాధిపతి కాదు, బిషప్. ‘గుడికెళ్లొచ్చాం’ అన్నా, ‘పూజ అయిపోయింది’ అన్నా చర్చి సంగతే. తెలుగు కాథలిక్కులు తరాలుగా వాడుకుంటున్న మాటలివి. వీటిని దిద్ది ‘ప్రార్థన ముగిసింది’ అని రాయొద్దు. ఆయన పూజ అంటే పూజ అనే రాయండి. పాఠకుడు తడబడతాడనుకుంటే ముందు వాక్యంలో ‘చర్చిలో’ అని ఒక్క మాట వేయండి, సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఏమని అడగాలి. ‘కొత్త పోపు ఎన్నికపై మీకెలా అనిపిస్తోంది?’ అని అడిగితే వందకు వందమంది ‘చాలా సంతోషంగా ఉందండీ’ అంటారు. తప్పు వాళ్లది కాదు, ప్రశ్నలోనే ఆ జవాబు ఉంది. దాని బదులు, ‘ఆ సంగతి మీకెట్లా తెలిసింది? అప్పుడేం చేస్తున్నారు?’ అని అడగండి. జ్ఞాపకం కదలగానే మాట దానంతటదే వస్తుంది.

మే 9 పొద్దున సికింద్రాబాద్ బసిలికా బయట కొవ్వొత్తులమ్మే ఒకావిడను అలాగే అడిగాను. నోట్‌బుక్‌లో ఆమె మాటలు ఇలా ఉన్నాయి: ‘రాత్రి టీవీల అంతా బార్డరే నడుస్తున్నది. మా పిల్లగాడు ఫోన్ల పొగ చూపిచ్చిండు. నేను యాడనో బాంబు పడ్డదనుకున్న. నా పానం అదిరిపోయింది. కాదమ్మా, పోపు సారు వచ్చిండు, శాంతి అన్నడు అని చెప్పిండు. గా మాట మనకు గూడ గావాలె గద సార్.’

ఆ వారం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. 8వ తేదీ రాత్రి సరిహద్దు ఊళ్లలో కరెంటు తీసేశారు. ఇక్కడ కూడా జనం నిద్రపోకుండా టీవీల ముందు కూర్చున్నారు. రోమ్‌లో లేచిన పొగను చూసి సికింద్రాబాద్‌లో ఒకావిడ ఉలిక్కిపడింది. ‘ఎలా అనిపిస్తోంది’ అని అడిగుంటే ఇది నాకు దొరికేది కాదు.

దీన్ని ‘బాంబు పడిందేమోనని భయపడ్డాను, నా ప్రాణం అదిరిపోయింది’ అని పుస్తకాల తెలుగులోకి మార్చాలా? వద్దు. తెలంగాణ మాటను కొటేషన్‌లో ఉన్నదున్నట్టు ఉంచండి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆమె యాసను యాసగా రాసి, పక్కనే ఇంకొకాయన మాటను శుభ్రం చేసి రాస్తే ఆమెను చిన్నచేసినట్టవుతుంది. కాబట్టి అందరి మాటా అలాగే ఉంచాలి. అదే రోజు గన్‌ఫౌండ్రీలో కర్నూలు నుంచి వచ్చి స్థిరపడిన ఒక మేస్త్రీ కలిశాడు. కార్డినల్ పూల ఆంథోనిది కూడా కర్నూలు ప్రాంతమే. ‘ఓటేసిన చీటీలు కాల్చితేనే గదా సార్ ఆ పొగ వచ్చేది. మా కర్నూలాయన చీటీ గూడా ఆ పొగలో ఉండాది’ అన్నాడు. అది అతని మాటలోనే ఉండాలి.

నచ్చిన మాటలే ఏరుకుని రావడం ఇంకో తప్పు. ఒక డిగ్రీ కుర్రాడు నాతో నవ్వకుండా మాట్లాడాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ అడ్డు తొలగింది, దళిత క్రైస్తవులకు తొలగలేదు. ‘ఆ సంగతి ఢిల్లీలో తేలాలి సార్, రోమ్‌లో కాదు. అయినా అంత పెద్దాయన నోట మా గురించి ఒక్క మాట వస్తే బలం కదా’ అన్నాడు. సంబరం వార్తలో ఈ మాట ఎందుకని డెస్క్‌లో ఎవరైనా అడిగితే గట్టిగా నిలబడండి. ఆ ఎన్నిక గురించి ఆ కుర్రాడికి తోచింది అదే. అతని స్పందన కూడా స్పందనే.

ఎంతమందిని అడగాలని చాలామంది అడుగుతుంటారు. లెక్కేమీ లేదు. వరసగా ముగ్గురు ఒకే మాట చెప్పారంటే చోటు మార్చండి. పూజ అయ్యాక మెట్ల మీద నిలబడేవాళ్లు వేరు, గేటు బయట బండి పెట్టుకున్నవాళ్లు వేరు, ఆస్పత్రి డ్యూటీ దిగి హడావుడిగా వచ్చే నర్సులు వేరు.

రాసేటప్పుడు ఫాదర్ల ప్రకటనతో మొదలుపెట్టకండి, అది మూడో పేరాలో ఉన్నా ఏమీ పోదు. నేనైతే ఇలా ఎత్తుకుంటాను:

‘ఫోన్‌లో పొగ చూసి ఆమె బాంబు అనుకుంది. సికింద్రాబాద్ బసిలికా ముందు ఇరవై ఏళ్లుగా కొవ్వొత్తులమ్ముతున్న ఆమెకు, అది కొత్త పోపు ఎన్నికైన గుర్తని కొడుకు చెప్పాడు. గురువారం రాత్రి నగరంలో చాలా ఇళ్లలో సరిహద్దు వార్తల మధ్యే ఆ కబురు చేరింది.’

ఇందులో సంతోషం అన్న మాట ఎక్కడా లేదు చూడండి. ఆ ‘ఇరవై ఏళ్లు’ కూడా నేను అడిగి తెలుసుకున్నదే. ఇలాంటి వివరం ఊహించి రాయకూడదు.

వీలుంటే రెండోసారి వెళ్లండి. మే 10న కాల్పుల విరమణ ప్రకటించారు. 11న, ఆదివారం, కొత్త పోపు తన ప్రసంగంలో భారత్, పాకిస్తాన్ కాల్పుల విరమణ కబురు విని సంతోషించానన్నారు. ఆ సాయంత్రం మళ్లీ బసిలికా దగ్గరకు వెళ్లి ఈ సంగతి ఆవిడకు చెప్పాను. ఆమెకు తెలియదు. ‘మన పేరు దీస్కున్నడా?’ అని రెండుసార్లు అడిగింది. తర్వాత ఒక కొవ్వొత్తి తీసి నా చేతిలో పెట్టి, పైసలు తీసుకోలేదు. మొదటి రోజు రాసిన వార్త కంటే ఈ రెండో రోజు నాలుగు వాక్యాలే నాకు ఇప్పటికీ ఇష్టం.

అభ్యాసం: ఈ వారం మీ చుట్టుపక్కల అందరూ మాట్లాడుకుంటున్న ఒక సంగతి తీసుకోండి. మూడు వేర్వేరు చోట్ల ముగ్గుర్ని ‘మీకెట్లా తెలిసింది, అప్పుడేం చేస్తున్నారు’ అని అడగండి. వాళ్లన్నది అన్నట్టే రాసుకోండి. 150 మాటల్లో వార్త రాసి, నోట్‌బుక్‌లోని ఆ పేజీ ఫోటోతో కలిపి పంపండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.