కథలో కృత్రిమ మేధకు హద్దు గీసుకునే విధానం

కథ రాసేటప్పుడు చాట్‌జీపీటీ వంటి సాధనాన్ని ఎంతవరకు వాడతారో మొదటి పేరా రాయక ముందే ఒక కాగితంపై రాసి పెట్టుకోండి. సగం రాశాక గీసుకునే గీత మన సౌకర్యాన్ని బట్టి జరుగుతూనే ఉంటుంది. నా కాగితంలో ఒకే వాక్యం ఉంది: వివరం అడగవచ్చు, వాక్యం అడగకూడదు.

ఈ తేడా ఎందుకో విశాఖ ఫిషింగ్ హార్బర్ నేపథ్యంగా రాసిన కథలో నాకు తెలిసివచ్చింది. ‘గుంటడు వల మీదే పడుకుండిపోయాడు’ అన్న నా వాక్యాన్ని సరిచూడమని ఇస్తే, ‘బాలుడు వలపై నిద్రించాడు’ అని తిరిగి వచ్చింది. వ్యాకరణ దోషమేమీ లేదు, ఉత్తరాంధ్ర మాత్రం మాయమైంది. తనకు నేర్పిన పాఠాల్లో ఎక్కువగా కనబడిన పోకడను బట్టి తరువాతి మాటను అంచనా వేసే యంత్రానికి, అచ్చులో అరుదుగా కనిపించే మాండలికం పొరపాటులాగే తోస్తుంది. కాబట్టి సంభాషణలను దానికి అప్పగించకండి; పెదజాలరిపేట ఒడ్డున ఒక ఉదయం కూర్చుని వినండి.

అడిగిన వివరాన్ని కూడా సరిచూసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది గనుక, మే నెలలో మరబోటును నిశ్చింతగా వేటకు పంపే సన్నివేశాన్ని యంత్రం ఎంత నమ్మకంగా సూచించినా కొట్టివేయండి.

ఇక హక్కుల సంగతి. కంప్యూటర్ ద్వారా పుట్టిన రచనకు, దాన్ని పుట్టించిన వ్యక్తే కర్త అని 1957 కాపీరైట్ చట్టంలో 1994 సవరణ చెబుతుంది. అయినా సంపాదకులు అడిగేది చట్టం కాదు, నిజం. ఎక్కడ వాడారో ఒక పంక్తిలో వారికి తెలియజేసి, చిత్తుప్రతులను తేదీలతో సహా దాచుకోండి.