పరిశోధన పత్రం చదవడం నేర్చుకుందాం: 3వ పాఠం – దేనితో పోల్చి?

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నతోనే మొదలుపెడదాం. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ నగరాన్ని కమ్మిన విషపు పొగమంచుకు సుమారు 4,000 మంది బలయ్యారని అప్పటి అధికారిక లెక్క. దాదాపు అర్ధ శతాబ్దం తరువాత, 2001లో, మిషెల్ బెల్, డెవ్రా డేవిస్ అనే పరిశోధకులు అదే సంఘటనకు సుమారు 12,000 మరణాలు అని తేల్చారు. ఈ రెండింటిలో ఏది తప్పు అని అడిగాను. నిజానికి ప్రశ్నలోనే చిన్న మెలిక ఉంది, ఎందుకంటే చనిపోయినవారి రికార్డుల విషయంలో రెండు పక్షాలకూ పేచీ లేదు. పొగమంచు విడిపోయాక కూడా నగరంలో మరణాలు మామూలు స్థాయికి దిగలేదు. 1953 ఫిబ్రవరి దాకా ఎక్కువగానే కొనసాగాయి. ఆ తరువాతి వారాల మరణాలను అధికారులు ఇన్‌ఫ్లుయెంజా ఖాతాలో వేశారు. బెల్, డేవిస్ మాత్రం ఆ చలికాలపు ఇన్‌ఫ్లుయెంజా అన్ని మరణాలకు కారణం కాగలిగేంత తీవ్రమైనది కాదని వాదించి, వాటిలో ఎక్కువ భాగాన్ని పొగమంచు ఖాతాకు మార్చారు. అంటే తేడా వచ్చింది మృతుల లెక్కింపులో కాదు, పొగమంచు రాకపోయి ఉంటే ఎందరు చనిపోయేవారన్న అంచనాలో.

వాయుకాలుష్యం గాని, వడగాలి గాని మరణ ధ్రువపత్రంలో కారణంగా నమోదు కావడం చాలా అరుదు. వైద్యుడు గుండెపోటు అని రాస్తాడు, న్యుమోనియా అని రాస్తాడు. కాబట్టి మనం పత్రికల్లో చదివే 'కాలుష్య మరణాలు' ఎవరో ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన సంఖ్య కాదు. తీసివేత చేస్తే వచ్చిన సంఖ్య. జరిగినదానిలోంచి, కాలుష్యం లేకుంటే జరిగి ఉండేదాన్ని తీసివేస్తారు. మొదటిది రికార్డుల్లో దొరుకుతుంది. రెండవదాన్ని ఎవరూ చూడలేదు, చూడలేరు కూడా. దాన్ని ఎక్కడో ఒకచోటు నుంచి అరువు తెచ్చుకోవాలి. పరిశోధకులు దాన్ని ఎక్కడినుంచి తెచ్చుకున్నారో పట్టుకోవడమే ఈ పాఠంలో మనం సాధన చేయబోయే నైపుణ్యం. కాగితం, పెన్సిలు, వీలైతే కాలిక్యులేటరు దగ్గర పెట్టుకోండి.

సాధనకు 1993లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డగ్లస్ డాకరీ బృందం ప్రచురించిన 'ఆరు నగరాల అధ్యయనం' తీసుకుందాం. ఈ రంగంలో ఇంతగా ఉదహరింపబడిన, ఇంతగా వివాదానికి గురైన పత్రాలు కొన్నే ఉన్నాయి. అమెరికాలోని ఆరు పట్టణాల్లో 8,111 మంది పెద్దలను ఎంచుకుని, 14 నుంచి 16 సంవత్సరాల పాటు వారిలో ఎవరు ఎప్పుడు చనిపోయారో నమోదు చేశారు. వారి వయసు, పొగతాగే అలవాటు, చదువు, శరీర బరువు వంటి వివరాలు ముందే సేకరించారు. ఆ పట్టణాల గాలిలో 2.5 మైక్రాన్ల కంటే చిన్న ధూళికణాల సగటు సాంద్రత, అంటే పీఎం 2.5, విస్కాన్సిన్ రాష్ట్రంలోని పోర్టేజ్‌లో ఘనమీటరుకు 11 మైక్రోగ్రాములు కాగా, ఒహాయో రాష్ట్రంలోని ఉక్కు పట్టణం స్టూబెన్‌విల్‌లో 29.6 మైక్రోగ్రాములు. ఇతర కారణాలను సర్దుబాటు చేసిన తరువాత, అంటే వాటి ప్రభావాన్ని లెక్కలోంచి తొలగించాక, అత్యంత కలుషితమైన పట్టణంలోని మరణాల రేటు అన్నిటికంటే తక్కువ కాలుష్యం ఉన్న పట్టణపు రేటుకు 1.26 రెట్లు ఉందని, దీని విశ్వాస అంతరం, అంటే అసలు విలువ ఉండగలదని అంచనా వేసిన పరిధి, 1.08 నుంచి 1.47 అని పత్రం చెప్పింది.

ఈ ఒక్క వాక్యాన్ని విప్పి చూడటం వస్తే సగం పని అయిపోయినట్టే. 1.26 రెట్లు అంటే, వయసు, పొగతాగడం వంటివి ఒకేలా ఉన్న రెండు సమూహాలను అంతే కాలం గమనిస్తే, పోర్టేజ్ సమూహంలో 100 మంది చనిపోయే వ్యవధిలో స్టూబెన్‌విల్ సమూహంలో 126 మంది చనిపోతారని అర్థం. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. స్టూబెన్‌విల్ మరణాల్లో 26 శాతం కాలుష్యం వల్ల జరిగాయంటారు. మొదట్లో నేనూ అలాగే చదివాను. అదనంగా వచ్చిన 26 మరణాలను భాగించవలసినది 100తో కాదు, ఆ పట్టణంలో నిజంగా జరిగిన 126తో. 26ను 126తో భాగిస్తే 0.206 వస్తుంది. అంటే పోర్టేజ్‌తో పోల్చినప్పుడు స్టూబెన్‌విల్ మరణాల్లో కాలుష్యానికి ఆపాదించదగిన వాటా సుమారు 21 శాతం. తేడా చిన్నదిగా కనిపించవచ్చు గాని, నిష్పత్తి 3 అయినప్పుడు అదే పొరపాటు మీ చేత 'మరణాల్లో 200 శాతం' అనిపిస్తుంది!

తరువాతి పని, ఈ నిష్పత్తిని వేరే అధ్యయనాలతో పోల్చడానికి వీలుగా ఒకే కొలమానానికి తేవడం. పరిశోధకులు సాధారణంగా 10 మైక్రోగ్రాముల పెరుగుదలకు ఎంత ప్రమాదం అని చెబుతారు. మన రెండు పట్టణాల మధ్య తేడా 18.6 మైక్రోగ్రాములు. 26 శాతాన్ని 18.6తో భాగించి 10తో గుణిస్తే 14 శాతం వస్తుంది, కాని అది సరైన దారి కాదు. ఈ గణిత నమూనాల్లో ప్రమాదం బారువడ్డీలా కాకుండా చక్రవడ్డీలా పెరుగుతుంది; ప్రతి 10 మైక్రోగ్రాములకు ముందున్న రేటును ఒకే గుణకంతో గుణిస్తూ పోతారు. అందువల్ల 1.26కు సంవర్గమానం (కాలిక్యులేటరులో ln) తీసి, 18.6తో భాగించి, 10తో గుణించి, తిరిగి ఘాతాంకంగా (eˣ) మార్చాలి. ఈ మెట్లన్నీ ఎక్కితే సుమారు 1.13 వస్తుంది. అంటే 13 శాతం.

విశ్వాస అంతరం సంగతి మొదటి పాఠంలో చెప్పుకున్నాం కనుక ఇక్కడ ఒక్క మాటే: 1.08 కూడా 1 కంటే పైనే ఉంది, కాబట్టి సంబంధం కేవలం యాదృచ్ఛికమనడం కష్టం. కాని 8 శాతానికి, 47 శాతానికి మధ్య ఎంత దూరముందో కూడా మరువకండి.

ఇక అసలు ప్రశ్న. స్టూబెన్‌విల్ గాలి శుభ్రంగా ఉంటే ఎందరు చనిపోయేవారన్నది పరిశోధకులు ఎక్కడినుంచి తెచ్చుకున్నారు? పోర్టేజ్ నుంచి. అంటే పోర్టేజ్ వాసులు, గాలి తప్ప మిగతా అన్నిటిలోనూ, సర్దుబాటు చేసిన మేరకైనా, స్టూబెన్‌విల్ వాసులకు సరితూగుతారన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడింది. మరణాలతో అన్నిటికంటే బలమైన సంబంధం పొగతాగడానికే ఉన్నదని ఆ పత్రమే చెబుతుంది. కనుక పొగతాగే అలవాటును సర్దుబాటు చేయడంలో ఏ కొంచెం లోపం ఉన్నా అది గాలి ఖాతాలోకి జారిపోగలదు. మరొక బలహీనత అంతగా కంటికి కనబడదు. మనుషులు 8,111 మంది ఉన్నా, గాలి కొలతలు ఆరే. ఒక పట్టణంలోని వారందరికీ ఒకే సాంద్రత ఆపాదించారు కాబట్టి, కాలుష్యం దృష్ట్యా ఇది ఆరు బిందువుల గీత. అందుకే అభ్యంతరాలు వచ్చాయి. అమెరికా పర్యావరణ సంస్థ, వాహన తయారీ పరిశ్రమ కలిసి నిధులిచ్చే హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో, మూల పరిశోధకులతో సంబంధం లేని మరొక బృందం ఆ దత్తాంశాన్ని మొదటినుంచి తిరిగి విశ్లేషించింది. 2000లో వచ్చిన ఆ నివేదిక మూల ఫలితాన్ని ధ్రువీకరించింది. నా దృష్టిలో 1993 పత్రం కన్నా 2000 నాటి పునఃపరిశీలనే ఎక్కువ బరువైన సాక్ష్యం.

పోలికలో దాగిన ఇంకొక సంగతిని విమర్శకులూ, సమర్థకులూ తరచు పట్టించుకోరు. పోర్టేజ్ 'శుభ్రమైన' పట్టణమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పీఎం 2.5 వార్షిక సగటుకు 2005లో సూచించిన పరిమితి 10 మైక్రోగ్రాములు. 2021లో దాన్ని 5కు తగ్గించింది. పోర్టేజ్‌లో ఉన్నది 11. కనుక 1.26 అనేది మలినమైన గాలికి, స్వచ్ఛమైన గాలికి మధ్య తేడా కాదు. ఎక్కువ మలినానికి, తక్కువ మలినానికి మధ్య తేడా మాత్రమే.

మరొక పట్టణం నుంచి అరువు తెచ్చుకోవడానికి బదులు, అదే పట్టణపు గతం నుంచి తెచ్చుకోవచ్చు కదా అని మీకు తోచి ఉంటుంది. అలా చేసిన అధ్యయనాల్లో డబ్లిన్ కథ చక్కని పాఠం. 1990 సెప్టెంబరు 1 నుంచి ఆ నగరంలో పొగ ఎక్కువగా వెలువరించే బిట్యూమినస్ బొగ్గు అమ్మకాన్ని ఐర్లాండ్ ప్రభుత్వం నిషేధించింది. గాలిలో నల్లని పొగ సుమారు 70 శాతం తగ్గింది. నిషేధానికి ముందు 72 నెలలు, తరువాత 72 నెలలు పోల్చి, శ్వాసకోశ మరణాలు 15.5 శాతం, గుండె, రక్తనాళాల వ్యాధుల మరణాలు 10.3 శాతం తగ్గాయని 2002లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అద్భుతమైన ఫలితమే. అయితే అదే కాలంలో గుండె జబ్బుల మరణాలు చాలా దేశాల్లో వైద్యం మెరుగుపడటం వల్ల, పొగతాగడం తగ్గడం వల్ల కూడా తగ్గుతూ వచ్చాయి. 2013లో, తొలి పత్రపు రచయితల్లో ఒకరైన డాకరీ నాయకత్వంలోనే జరిగిన పునర్విశ్లేషణలో, నిషేధం వర్తించని ఐర్లాండ్ ప్రాంతాలతో కూడా పోల్చి చూశారు. గుండె జబ్బుల మరణాలు అక్కడా తగ్గాయి! దాంతో ఆ తగ్గుదలను బొగ్గు నిషేధానికి ఆపాదించడం కుదరలేదు. శ్వాసకోశ మరణాల తగ్గుదల మాత్రం నిలబడింది. తన ఫలితాన్ని తానే సగం కొట్టివేసుకున్న పరిశోధకుణ్ణి చూసి కొందరు ఈ శాస్త్రమే అనుమానాస్పదమంటారు. నాకు మాత్రం మిగిలిన సగం మీద నమ్మకం రెట్టింపయింది.

వాతావరణ మార్పు విషయానికి వస్తే ఈ అరువు ఇంకా జటిలమవుతుంది, ఎందుకంటే వేడెక్కని భూమి ఎక్కడా లేదు. పోల్చడానికి మరో పట్టణమూ లేదు, నిషేధం లేని మరో ప్రాంతమూ లేదు. అందుకని దాన్ని కంప్యూటర్ నమూనాల్లో నిర్మిస్తారు. 2021లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 43 దేశాల్లోని 732 చోట్ల, 1991 నుంచి 2018 వరకు దత్తాంశాన్ని తీసుకుంది. మొదట ఒక్కొక్క చోట ఏ ఉష్ణోగ్రత వద్ద మరణాలు అత్యల్పంగా ఉంటాయో, అంతకు మించి వేడి పెరిగేకొద్దీ ఎలా పెరుగుతాయో గీత గీసింది. తరువాత మానవ ప్రమేయం ఉన్న వాతావరణానికి, లేని వాతావరణానికి నమూనాలు ఇచ్చిన ఉష్ణోగ్రతలను ఆ గీతకు అన్వయించి, వెచ్చని నెలల్లో వేడి వల్ల జరిగిన మరణాల్లో సుమారు 37 శాతం మానవుల వల్ల కలిగిన తాపానికి ఆపాదించదగినవని తేల్చింది. దేశాన్ని బట్టి ఈ వాటా 20.5 శాతం నుంచి 76.3 శాతం వరకు మారింది.

ఇక్కడ హారం మీద కన్ను వేయండి. 37 శాతం అన్నది మొత్తం మరణాల్లో కాదు, వేసవి మరణాల్లోనూ కాదు; వేడికి ఆపాదించిన మరణాల్లో మాత్రమే. మిగిలిన 63 శాతం మంది కూడా వేడివల్లే చనిపోయారు. భూమి వేడెక్కకున్నా ఆ వేసవుల్లో వారు చనిపోయేవారని లెక్క. శీర్షికలో ఈ హారం జారిపోతే, వార్త మొత్తం మారిపోతుంది.

అభ్యాసం. ఇందులోని సంఖ్యలు సాధన కోసం కల్పించినవి. ఒక అధ్యయనం ప్రకారం 10 మైక్రోగ్రాముల పీఎం 2.5 పెరుగుదలకు మరణాల నిష్పత్తి 1.08. 'అ' పట్టణంలో వార్షిక సగటు 15, 'ఆ' పట్టణంలో 45. 'ఆ' పట్టణంలో ఏడాదికి 2,000 మంది చనిపోతున్నారు. మొదట, 'అ'తో పోల్చి 'ఆ' మరణాల్లో కాలుష్యపు వాటా ఎంతో చక్రవడ్డీ పద్ధతిలో కట్టండి. సుమారు 410 మరణాలు వస్తే మీ దారి సరైనదే, 520 వస్తే హారం ఎక్కడ మారిపోయిందో వెతకండి. రెండవది, అదే లెక్కను 'అ'తో కాకుండా 5 మైక్రోగ్రాముల పరిమితితో పోల్చి తిరిగి చేయండి. గాలి మారలేదు, చనిపోయినవారూ మారలేదు. సంఖ్య ఎంత పెరిగిందో, ఎందుకు పెరిగిందో రెండు వాక్యాల్లో రాసుకోండి. వచ్చే పాఠాన్ని ఆ జవాబుతోనే ప్రారంభించి, తీవ్రమైన వేడి రోజుల్లో ఓజోన్ కూడా ఎక్కువగా తయారవుతున్నప్పుడు ఏ మరణం దేని ఖాతాలోకి వెళ్లాలన్న చిక్కు దగ్గరికి వెళదాం.