స్కూల్ పోలీస్ ఇంటర్వ్యూ: నాకు పనిచేసిన పద్ధతి

టెక్సస్‌లో పోలీసు గస్తీ డ్యూటీ చేస్తున్న మనవాళ్లు స్కూల్ పోలీస్ ఉద్యోగం ఎలా వచ్చిందని తరచూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. స్కూల్ రిసోర్స్ ఆఫీసర్ (స్కూల్లోనే డ్యూటీ చేసే పోలీసు) పోస్టుకు నా అప్లికేషన్ ప్రతిసారీ ప్యానెల్ ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయేది. రెజ్యూమె మార్చడం, షూటింగ్ స్కోర్లు జోడించడం, పై అధికారి సిఫార్సు లేఖ, ఏదీ కలిసిరాలేదు.

ముందు నాస్రో (స్కూల్ రిసోర్స్ ఆఫీసర్ల జాతీయ సంఘం) వాళ్ల 40 గంటల బేసిక్ కోర్సు చేశాను. వాళ్లు ఈ ఉద్యోగంలో మూడు పాత్రలు చూస్తారు: పోలీసు, పాఠం చెప్పే మనిషి, పిల్లలు మనసు విప్పుకోగల పెద్ద. తర్వాత పర్మిషన్ తీసుకుని ఒక మిడిల్ స్కూల్లో అక్కడి ఆఫీసర్ వెంట తిరిగాను. లంచ్ టైమ్‌లో ఆయన ఒంటరిగా తింటున్న పిల్లాడి పక్కనే తన ట్రే పెట్టుకుని కూర్చునేవారు. ఆ తర్వాతే, మూడు పాత్రలకూ నా సర్వీసులోంచి ఒక్కో సంఘటన రాసుకుని, పైకి చెబుతూ ప్రాక్టీస్ చేశాను.

"విద్యార్థి టీచర్ని తిడితే ఏం చేస్తారు?" అని ప్యానెల్ అడిగింది. "అది స్కూలు క్రమశిక్షణ విషయం, ప్రిన్సిపాల్ చూసుకుంటారు. నేరమో, ప్రమాదమో ఉంటేనే నేను దిగుతాను" అన్నాను. నన్ను గట్టెక్కించింది ఈ జవాబేనని నా నమ్మకం.

ప్రతి క్యాంపస్‌లో సాయుధ అధికారి ఉండాలని 2023లో ఇక్కడ చట్టం వచ్చింది. నా సెలక్షన్‌లో దాని వాటా ఎంతో చెప్పలేను. సొంత పోలీసు శాఖ ఉన్న స్కూల్ డిస్ట్రిక్టుల్లో పద్ధతి వేరుగా ఉండొచ్చు, వాళ్ల నోటిఫికేషన్ ముందు చదవండి.