యూనిట్ టెస్టులు, 4వ పాఠం: ఫెయిలైన టెస్టు ఏం చెప్పాలి?

యూనిట్ టెస్టంటే ఒక ఫంక్షన్ సరైన జవాబిస్తోందో లేదో చూసే చిన్న కోడ్. పోయిన పాఠంలో మామిడి రైతు బిల్లు లెక్కగట్టే ఫంక్షన్ రాశాం. 2025 సీజన్‌లో చిత్తూరు జిల్లా తోతాపురికి కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని నిర్ణయించారు కదా, ఆ లెక్కే. 1250 కిలోలకి 15000 రావాలి. ఈసారి ఆ ఫంక్షన్‌ని కావాలనే చెడగొడదాం.

ప్రభుత్వం ఇచ్చే 4 కలిపే లైను తీసేయండి. టెస్టులో అసర్ట్‌ట్రూ (ఇచ్చింది నిజమా కాదా అని మాత్రమే చూసేది) పెట్టి, బిల్లు 15000కి సమానమా కాదా అని లోపలే పోల్చి ఉంటే, పైథాన్‌తో పాటే వచ్చే టెస్టు లైబ్రరీ యూనిట్‌టెస్ట్ చెప్పేది ‘ఫాల్స్ ఈజ్ నాట్ ట్రూ’ అని మాత్రమే. ఎంత వచ్చిందో ఉండదు. పోలిక ముందే అయిపోయి, అసర్ట్‌ట్రూ చేతికి ఫాల్స్ ఒక్కటే అందింది మరి. అదే రెండు విలువలు సమానమా అని చూసే అసర్ట్‌ఈక్వల్‌కి బిల్లునీ 15000నీ విడివిడిగా ఇస్తే ‘10000 != 15000’ (10000, 15000 సమానం కాదు) అని వస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగండి. తేడా 5000. 1250తో భాగిస్తే 4. సబ్సిడీ కలవలేదని కోడ్ తెరవకముందే తెలిసిపోయింది!

ఇంకో బగ్ చూద్దాం. సబ్సిడీని కిలోలతో గుణించకుండా ఒక్కసారే 4 కలిపారనుకోండి. 1 కిలోతో టెస్టు రాస్తే 8కి 4 కలిసి 12 వస్తుంది, టెస్టు హాయిగా పాసవుతుంది. 1250తో అయితే 10004 వస్తుంది. చివరనున్న ఆ 4 చూస్తేనే సంగతి అర్థమవుతుంది. అందుకే టెస్టుకి ఇచ్చే అంకెలు ఆలోచించి ఎంచుకోమని నేను పదే పదే చెబుతుంటాను. సగం డీబగ్గింగ్ అక్కడే అయిపోతుంది.

పైటెస్ట్ అనే ఇంకో టెస్టు టూల్ వాడేవాళ్ళకి మామూలు అసర్ట్ చాలు, రెండు విలువలూ అదే చూపిస్తుంది. కాకపోతే పోలిక ఫలితాన్ని ముందే ఒక వేరియబుల్‌లో దాచి, దాన్ని అసర్ట్ చేస్తే మళ్ళీ ‘అసర్ట్ ఫాల్స్’ అనే వస్తుంది.

నాలుగైదు బరువులు లూప్‌లో పెడితే మొదటి ఫెయిల్యూర్ దగ్గరే టెస్టు ఆగిపోతుంది. పైథాన్ 3.4 నుంచి యూనిట్‌టెస్ట్‌లో సబ్‌టెస్ట్ ఉంది. దానికి కిలోల విలువ ఇస్తే మిగతావి కూడా నడిచి, ఏ బరువు దగ్గర తప్పిందో ఫెయిల్యూర్ పక్కనే కనిపిస్తుంది. సొంతంగా మెసేజ్ రాస్తే మాత్రం ‘బిల్లు తప్పు’ అని రాయకండి, టెస్టు ఫెయిలైందంటేనే ఆ మాట తెలిసిపోయింది. ఎన్ని కిలోలు, ఏ రేటు అన్నవి రాయండి.

ఇంటిపని: 0, 1, 1250 కిలోలకి సబ్‌టెస్ట్ రాసి, ఫంక్షన్‌లో మీకు తోచిన బగ్ ఒకటి పెట్టండి. తిరుపతిలో హాస్టల్లో ఉండేవాళ్ళైతే, కోడ్ చూపించకుండా ఫెయిల్యూర్ మాటలు మాత్రం రూమ్మేట్‌కి ఇచ్చి బగ్ ఎక్కడుందో చెప్పమనండి. చెప్పలేకపోతే టెస్టు మార్చి మళ్ళీ ఇవ్వండి. వచ్చే పాఠంలో కిలోలు దశాంశాల్లో వస్తాయి. 0.1కి 0.2 కలిపి 0.3తో పోలిస్తే టెస్టు ఎందుకు ఫెయిలవుతుందో అప్పుడు చూద్దాం.