థైమాల్‌తో పొర కారుతోందా? కాల్సీన్ పరీక్ష చేసే తీరు

థైమాల్, కార్వక్రాల్ లాంటి మొక్కల పదార్థాలను నేరుగా బ్యాక్టీరియా మీద వేసి చూస్తే, పొర చెడి కణం చచ్చిందో, కణం చచ్చాక పొర చెడిందో తేలదు. అందుకే లైపోసోములు, అంటే లిపిడ్ (కొవ్వు) పొరతో చేసిన ఖాళీ సూక్ష్మ బుడగలు, వాడతాం. వాటిలో కాల్సీన్ రంగును కిక్కిరిసేలా నింపుతాం. అంత గాఢతలో అది దాదాపు వెలగదు. పొర కారితే మాత్రం బయట పలచబడి ఆకుపచ్చగా వెలుగుతుంది.

ఈ.కోలై లోపలి పొరకు నమూనాగా పీఓపీఈ, పీఓపీజీ అనే లిపిడ్లను 3:1 మోలార్ నిష్పత్తిలో, మొత్తం 10 మిల్లీగ్రాములు తీసుకోండి. క్లోరోఫామ్‌లో కరిగించి, రోటరీ ఇవాపరేటర్ మీద పల్చగా ఆరబెట్టి, రాత్రంతా వాక్యూమ్‌లో ఉంచండి.

కాల్సీన్ 70 మిల్లీమోలార్ కావాలి, అంటే మిల్లీలీటరుకు 44 మిల్లీగ్రాములు. ఉత్త నీళ్లలో సరిగా కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 7.4కి తెస్తే ముదురు నారింజ రంగులో తేటపడుతుంది. ఆ ద్రావణం 1 మిల్లీలీటరు తీసుకుని, ఆరిన లిపిడ్ మీద పోసి 45 డిగ్రీల దగ్గర గంటసేపు కలపండి. అయిదుసార్లు గడ్డకట్టించి కరిగించాక, 100 నానోమీటర్ల పాలికార్బొనేట్ ఫిల్టర్ గుండా 21 సార్లు నెట్టండి. ఎక్స్‌ట్రూడర్ కూడా వెచ్చగానే ఉండాలి. పీఓపీఈ 25 డిగ్రీల దగ్గరే గట్టిపడే లిపిడ్ మరి.

బయటి రంగును సెఫాడెక్స్ జీ-50 కాలమ్‌తో తీసేయాలి. ముందు కాస్త మసకగా ఉన్న లేత నారింజ పట్టీ దిగుతుంది, అవే లైపోసోములు. వెనకాల ముదురు పట్టీ వస్తుంది, దాన్ని వదిలేయండి. ఎక్కువమంది పొరపడేది కాలమ్ బఫర్ దగ్గరే. 10 మిల్లీమోలార్ హెపెస్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న బఫర్‌లో ఉప్పు కలుపుతూ, దాని ఆస్మోలాలిటీని (కరిగి ఉన్న కణాల మొత్తం గాఢతను) కాల్సీన్ ద్రావణంతో సమానం చేయండి. ఆస్మోమీటర్‌తో కొలవాల్సిందే, అంచనాలు పనికిరావు. బఫర్ పలచనైతే లైపోసోములు నీరు పీల్చి ఉబ్బి వాటంతటవే కారతాయి. నింద థైమాల్ మీద పడుతుంది.

గాజు క్యువెట్‌లో (కొలత కోసం వాడే చిన్న పాత్రలో) లైపోసోములు కలిపిన బఫర్ 2 మిల్లీలీటర్లు, లిపిడ్ 50 మైక్రోమోలార్ ఉండేలా తీసుకోండి. కాలమ్‌లో కొంత లిపిడ్ పోతుంది కాబట్టి ఫాస్ఫేట్ పరీక్షతో లెక్క సరిచూసుకోండి. ఫ్లోరోమీటర్‌లో 490 దగ్గర వెలుగిచ్చి 520 నానోమీటర్ల దగ్గర చదవండి. మూడు నిమిషాలు గీత కదలకుండా ఉండాలి, దానంతటదే పైకి పాకితే ఆ బ్యాచ్ పారబోయండి. తర్వాత కలుపుతూనే, ఇథనాల్‌లో 200 మిల్లీమోలార్ థైమాల్ 10 మైక్రోలీటర్లు వేసి మూతపెట్టండి. థైమాల్ 1 మిల్లీమోలార్, ఇథనాల్ 0.5 శాతం అవుతాయి. థైమాల్ ఆవిరవుతుంది, ప్లాస్టిక్‌లోకీ ఇంకుతుంది, అందుకే మూత, గాజు. చివర్లో పొరలన్నిటినీ చీల్చేసే డిటర్జెంట్ ట్రైటాన్ ఎక్స్-100ను తుది గాఢత 0.1 శాతం అయ్యేలా వేస్తే వచ్చేది నూటికి నూరు. థైమాల్‌తో పెరిగిన వెలుగును ట్రైటాన్‌తో పెరిగిన మొత్తంతో భాగించి 100తో గుణించండి.

ఇథనాల్ ఒక్కటే వేసిన కంట్రోల్ అందరూ పెడతారు. విడి కాల్సీన్‌లో పరీక్షా పదార్థాన్ని కలిపి చూసేవాళ్లే తక్కువ. కర్క్యుమిన్ లాంటిది తనంతట తానే ఆ ప్రాంతంలో వెలుగుతుంది, ఆ కంట్రోల్ లేకపోతే అదీ లీకేజీగానే కనిపిస్తుంది.

ఫలితంతో పాటు థైమాల్–లిపిడ్ నిష్పత్తి తప్పక రాయండి. లిపిడ్ పదింతలైతే అదే 1 మిల్లీమోలార్ థైమాల్ పదింతల పొరలో పంచుకుపోతుంది, లీకేజీ తగ్గుతుంది. మన కణాల పొరతో పోలిక కోసం పీఓపీసీ అనే లిపిడ్, కొలెస్ట్రాల్ 7:3తో ఇదంతా మళ్లీ చేయండి, థైమాల్–లిపిడ్ నిష్పత్తి మాత్రం మార్చకండి.